కాపలా కాసే హక్కు: అమెరికా తొలి యూదు సంఘాల్లో దేశభక్తి, విశ్వాసం, సమష్టి జీవితం

1776 జూలైలో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ రేవుపట్టణంలో, బ్రిటన్ మీద తిరుగుబాటుకు కట్టుబడి ఉన్నారో లేదోనన్న అనుమానం కలిగినవారిని పిలిపించి, విధేయతా పత్రం మీద సంతకం చేయమని అధికారులు అడిగారు. వారిలో మోసెస్ మైకేల్ హేస్ అనే యూదు వర్తకుడు సంతకం చేయడానికి నిరాకరించాడు. వలసరాజ్యాలు చేస్తున్న యుద్ధం న్యాయమైనదేనని ఆయన అక్కడే స్పష్టంగా చెప్పాడు. తన మీద ఆరోపణ చేసినవారెవరో చెప్పాలని, అందరినీ అడగని పత్రం తనను మాత్రం అడగడం తగదని, యూదుడినన్న కారణంగా తనకు ఓటు హక్కు నిరాకరించిన ప్రభుత్వం ఇప్పుడు తన విధేయతకు రుజువు కోరడం న్యాయం కాదని ఆయన వాదించాడు. దేశాన్ని ప్రేమిస్తూనే, ఆ ప్రేమను రుజువు చేసుకోవాల్సిన బాధ్యత తన ఒక్కడి మీదే ఎందుకు పడాలని నిలదీసిన ఈ వైఖరి ఒక వ్యక్తి స్వభావం మాత్రమే కాదు. అమెరికాలోని తొలి యూదు సంఘాల చరిత్రలో నూట యాభై ఏళ్ళ పాటు ఇదే ధోరణి కనిపిస్తుంది.

అల్పసంఖ్యాక మత సమూహాల దేశభక్తిని సాధారణంగా రెండు విధాలుగా చదువుతారు. భయంతో చెల్లించే కప్పంగా కొందరు భావిస్తారు. ఆశ్రయమిచ్చిన నేల పట్ల కృతజ్ఞతగా మరికొందరు భావిస్తారు. భయమూ కృతజ్ఞతా రెండూ నిజంగానే ఉన్నాయి. అయితే న్యూయార్క్, న్యూపోర్ట్, ఫిలడెల్ఫియా సంఘాల పత్రాలను వరుసగా పరిశీలిస్తే, వీటికంటే బలమైన మూడో అంశం బయటపడుతుంది. ఆ సంఘాలు దేశం మోసే బరువులో తమ వాటాను తామే అడిగి తీసుకున్నాయి. బరువులో వాటా ఉన్నవారికి హక్కులోనూ వాటా ఉంటుందని ఆ తరువాత అంతే పట్టుదలతో వాదించాయి.

ఈ కథ 1654లో మొదలవుతుంది. బ్రెజిల్‌లోని రెసీఫే పట్టణాన్ని డచ్చివారి నుంచి పోర్చుగీసులు తిరిగి స్వాధీనం చేసుకోవడంతో, మత విచారణలకు భయపడి అక్కడి యూదులు చెల్లాచెదురయ్యారు. వారిలో ఇరవై ముగ్గురు ఆ ఏడాది సెప్టెంబర్‌లో, నేటి న్యూయార్క్ అయిన న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరుకున్నారు. అక్కడి పాలకుడు పీటర్ స్టైవసెంట్ వారిని వెళ్ళగొట్టాలని చూశాడు. ఆ వలసను నడుపుతున్న డచ్ వెస్టిండియా కంపెనీలో యూదుల పెట్టుబడులు కూడా ఉన్నందువల్ల, 1655లో కంపెనీ వారిని ఉండనిచ్చింది; వారిలోని పేదలు కంపెనీకి గానీ ఊరికి గానీ భారం కాకూడదని, వారిని వారి జనమే పోషించుకోవాలని షరతు పెట్టింది. దానధర్మాన్ని మతవిధిగా ఎంచే యూదులకు ఇది కొత్త బాధ్యతేమీ కాదు. కానీ విశ్వాసం విధించిన కర్తవ్యం ఇక్కడ నివాసానికి షరతుగా కూడా మారింది. ఆనాటి నుంచి పేదల నిధిని నడపడం, దిక్కులేనివారికి అంత్యక్రియలు జరిపించడం, దారిన పోయే బాటసారి యూదుడికి కొంత ఇచ్చి సాగనంపడం వంటివి సంఘానికి అటు దైవం ముందూ ఇటు రాజ్యం ముందూ జవాబుదారీ పనులయ్యాయి.

అదే ఏడాది మరో సంగతి జరిగింది. ఊరి కాపలా దళంలో యూదులతో కలిసి నిలబడడం తమకు ఇష్టం లేదని దళంలోని వారు అన్నారు. దాంతో యూదులకు కాపలా నుంచి మినహాయింపు ఇచ్చి, బదులుగా మనిషికి నెలకు 65 స్టైవర్ల (డచ్చి నాణేల) పన్ను విధించారు. బతుకుతెరువు చూసుకునేవాడికి రాత్రి కాపలా తప్పడం ఊరటగానే అనిపించాలి. కానీ ఆసర్ లెవీ, జేకబ్ బార్సిమ్సన్ అనే ఇద్దరు నవంబర్‌లో పాలక మండలికి అర్జీ పెట్టుకున్నారు. తాము చేతి కష్టం మీద బతికేవారమని, అందరితో పాటు కాపలా కాయనివ్వాలని, లేదంటే పన్నైనా ఎత్తివేయాలని కోరారు. ఇష్టం లేకపోతే ఎక్కడికైనా వెళ్ళిపోవచ్చని మండలి జవాబిచ్చింది. వారు వెళ్ళలేదు. రెండేళ్ళ తరువాత, 1657లో, పట్టణ పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, అందరిలాగే తానూ కాపలా కాస్తున్నానని లెవీ తన అర్హతగా చూపించాడు. మొదట తిరస్కరించినా, యూదు పెద్దల విజ్ఞప్తి మీద ఆ హక్కు చివరికి లభించింది. కర్తవ్యాన్ని ముందు సంపాదించి, దాని మీద నిలబడి హక్కును అడిగే పద్ధతికి అమెరికా నేల మీద ఇదే తొలి ఉదాహరణ.

ఇలాంటి పట్టుదల ఒంటరి మనుషుల్లో ఎక్కువ కాలం నిలవదు. దానికి సంఘం దన్ను ఉండాలి. న్యూయార్క్‌లో షియరిత్ ఇజ్రాయెల్ అనే సంఘం 1730లో మిల్ స్ట్రీట్‌లో తన సినగాగును ప్రతిష్ఠించింది. ఆనాటి సినగాగు ప్రార్థన జరిగే ఇల్లు మాత్రమే కాదు. పర్నాస్ అనే సంఘాధ్యక్షుడు, ఆయనకు తోడుగా కొందరు పెద్దలు వ్యవహారాలు నడిపేవారు. ప్రార్థన నడిపించే హజ్జాన్, ధర్మం ప్రకారం పశువును కోసే షోఖెత్, పిల్లలకు హీబ్రూ నేర్పే ఉపాధ్యాయుడు జీతాలు తీసుకునేవారు. దీక్ష పొందిన రబ్బీ ఎవరూ 1840 వరకు అమెరికాలో స్థిరపడలేదు. అందువల్ల హజ్జానే బయటి లోకానికి యూదు మతగురువుగా కనిపించేవాడు. శుద్ధి స్నానాల తొట్టి, శ్మశానం, పేదల నిధి, పస్కా పండుగకు పులియని రొట్టె, కరీబియన్ దీవులకు ఎగుమతయ్యే కోషర్ మాంసానికి, అంటే యూదు ఆహార నియమాలకు తగిన మాంసానికి, ధ్రువీకరణ, ఇవన్నీ సంఘం చేతిలోనే ఉండేవి. క్రమశిక్షణ కఠినంగా ఉండేది: పదవి ఇస్తే వద్దన్నవారికి జరిమానా వేసేవారు, 1757లో, ఊళ్ళకు వెళ్ళి విశ్రాంతి దినమైన శనివారం వ్యాపారం చేస్తున్నవారిని, నిషిద్ధ మాంసం తింటున్నవారిని సంఘం నుంచి వెలివేస్తామని పెద్దలు ప్రకటించారు. ఎన్నికలు, లెక్కలు, తీర్మానాలు, తగవులు అన్నీ ఈ గోడల మధ్యే సాగేవి. బయట ఓటు లేని మనుషులు పరిపాలన ఎలా ఉంటుందో ఇక్కడ నేర్చుకున్నారు. అయితే ఆ పాఠశాలలో స్త్రీలకు పై వసారాలో కూర్చునే చోటు ఉంది గానీ, తీర్మానాల్లో చోటు లేదు.

న్యూపోర్ట్ సంఘం మరింత చిన్నది. 1658 ప్రాంతంలో వచ్చిన తొలి కుటుంబాలు 1677లో శ్మశానానికి స్థలం కొనుక్కున్నాయి. యూదు ఆచారంలో శ్మశానమే తొలి ఆస్తి కావడం తరచుగా జరిగే విషయమే. ప్రార్థన ఎవరి ఇంట్లోనైనా చేసుకోవచ్చు గానీ చనిపోయినవారికి సొంత నేల కావాలి. సినగాగు కట్టడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. యూరప్ కట్టడాల నమూనాలను బాగా చదివిన పీటర్ హారిసన్ దానికి రూపమిచ్చాడు. ఆయన క్రైస్తవుడు, సినగాగు లోపల ఏముండాలో ఆయనకు హజ్జాన్ ఐజాక్ టూరో చెప్పి ఉంటాడని భావిస్తారు. న్యూయార్క్ నుంచి, కరీబియన్ దీవుల నుంచి, లండన్ నుంచి తోటి యూదులు చందాలు పంపారు. పన్నెండు గోత్రాలకు గుర్తుగా పన్నెండు స్తంభాలతో వసారాను మోసే ఆ మందిరాన్ని 1763 డిసెంబర్ 2న ప్రతిష్ఠించారు. అమెరికాలో నేటికీ నిలిచి ఉన్న సినగాగులలో అదే అత్యంత పురాతనమైనది.

వెలుపలి నుంచి నిరాడంబరంగా, లోపల వైభవంగా ఉండే ఆ కట్టడం వెనుక ఉన్న రాజకీయ స్థితిని మరిచిపోకూడదు. దాని నిర్మాణం సాగుతుండగానే, 1762లో, సంఘంలోని ప్రముఖ వర్తకుడు ఆరన్ లోపెజ్, ఐజాక్ ఎలీజర్ అనే మరొకరు తమకు పౌరసత్వం ఇవ్వాలని రోడ్ ఐలండ్ న్యాయస్థానాన్ని కోరారు. వలసల్లో ఏడేళ్ళు నివసించిన యూదులకు పౌరసత్వం ఇవ్వవచ్చని బ్రిటిష్ పార్లమెంటు 1740లోనే చట్టం చేసింది. అయినా మతస్వేచ్ఛకు పుట్టినిల్లుగా పేరు పొందిన ఆ వలసరాజ్యం ఇద్దరి దరఖాస్తులనూ తోసిపుచ్చింది. లోపెజ్ పక్కనున్న మసాచుసెట్స్‌కు వెళ్ళి అదే ఏడాది పౌరసత్వం తెచ్చుకున్నాడు. అంటే, ఆరాధనకు అడ్డు లేదు గానీ అధికారంలో పాలు లేదు. సహించడానికీ సమానంగా చూడడానికీ మధ్య ఉన్న దూరం న్యూపోర్ట్ యూదులకు అనుభవం మీద తెలుసు. తరువాత వారు దేశాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కు రాసిన మాటల్లోని పదును ఈ అనుభవం నుంచే వచ్చింది. ఇదే లోపెజ్ ఓడలలో కొన్ని బానిసల కోసం ఆఫ్రికాకు వెళ్ళాయన్నది కూడా ఇక్కడే చెప్పాలి. తమకు నిరాకరించిన స్వేచ్ఛ కోసం తపించినవారు ఇతరుల స్వేచ్ఛను అమ్మిన లాభంలో పాలుపంచుకోవడం ఆ పట్టణపు వర్తకులందరి మీదా ఉన్న మచ్చే. ఆ సంపదతో నిలిచిన సంఘాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ మచ్చను దాచడం అన్యాయం.

యూదుల ప్రార్థనల్లో, విశ్రాంతి దినపు ఉదయం తోరా అనే ధర్మశాస్త్ర పఠనం తరువాత, పాలకుల క్షేమం కోరే ప్రార్థన ఒకటి ఉంది. బబులోను చెరలో ఉన్నవారికి, మీరున్న పట్టణపు క్షేమం కోరండి, దాని క్షేమమే మీ క్షేమమని యిర్మీయా ప్రవక్త రాసిన లేఖ దీనికి మూలం. ప్రభుత్వమంటే భయం లేకపోతే మనుషులు ఒకరినొకరు సజీవంగా మింగేస్తారని, అందుకే ప్రభుత్వ క్షేమం కోరాలని ప్రాచీన గురువు హనినా చెప్పిన మాట మరో ఆధారం. దేశపు చట్టం చట్టమేనన్నది మూడో శతాబ్దపు బబులోను పండితుడు షమూయేలు స్థిరపరచిన సూత్రం. రాజులకు రక్షణనిచ్చేవాడా అని దేవుణ్ణి సంబోధిస్తూ మొదలయ్యే ప్రార్థనను స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులు ప్రచారంలోకి తెచ్చారు. యూదులను తిరిగి ఇంగ్లండ్‌లోకి రానివ్వాలని 1655లో అప్పటి ఇంగ్లండ్ పాలకుడు క్రామ్‌వెల్‌ను కోరిన మనష్షే బెన్ ఇజ్రాయెల్, తమ విధేయతకు రుజువుగా ఈ ప్రార్థననే చూపించాడు. దేవుడికి చేసే విన్నపం కాబట్టి ఇది విశ్వాసం, పాలకుడి చెవిన పడేలా చేసేది కాబట్టి ఇది రాజకీయం. ఈ రెంటినీ విడదీయలేం.

స్వాతంత్ర్య పోరాటం వచ్చేసరికి ఈ ప్రార్థనే చిక్కు ప్రశ్నయింది. ఏ పాలకుడి కోసం ప్రార్థించాలి? వలసల ప్రతినిధుల సభ 1776 మే 17ను ఉపవాస దినంగా ప్రకటించినప్పుడు, షియరిత్ ఇజ్రాయెల్ హజ్జాన్ గెర్షోమ్ మెండెస్ సేషస్ నడిపిన ప్రార్థనలో మూడో జార్జి రాజు, ఆయన మంత్రులు తమ కోపాన్ని ఉపసంహరించుకునేలా వారి మనసు మార్చమన్న వేడుకోలు ఉంది. ఇంకా రాజును కాదనలేదు, అప్పటికే ఆయన పక్షానా లేదు. మరి మూడు నెలలకు బ్రిటిష్ సేన న్యూయార్క్‌ను సమీపించింది. శత్రు పాలనలో సినగాగు నడపడం ఇష్టం లేని సేషస్, ఆయనతో ఏకీభవించిన సభ్యులు, తోరా చుట్టలతో సహా ఊరు విడిచారు. పుట్టి పెరిగిన ఇంటిని, జీతాన్ని, మందిరాన్ని వదిలి ఆయన మొదట కనెటికట్‌కు, 1780లో ఫిలడెల్ఫియాకు చేరాడు.

సంఘమంతా ఒకే మాట మీద ఉందని అనుకోవడం మాత్రం పొరపాటు. కొందరు న్యూయార్క్‌లోనే ఉండిపోయారు. బ్రిటిష్ పక్షాన వచ్చిన జర్మన్ సేనలతో పాటు వచ్చిన అలెగ్జాండర్ జంట్జ్ అనే యూదుడు యుద్ధకాలంలో అక్కడి సినగాగు బాగోగులు చూశాడు. న్యూపోర్ట్‌లో హజ్జాన్ ఐజాక్ టూరో రాజు పక్షాన నిలిచాడు. బ్రిటిష్ సేనలతో పాటే తరలి, చివరికి జమైకాలో 1783లో కన్నుమూశాడు. అదే పట్టణపు ఐజాక్ హార్ట్ రాజు పక్షాన పోరులో చనిపోయాడు. ఆ తరువాత జరిగినది మరింత గమనించదగ్గది. యుద్ధం ముగిశాక న్యూయార్క్ సంఘం జంట్జ్‌ను వెలివేయలేదు. ఆయన అక్కడే ఉండి, తరువాతి కాలంలో సంఘాధ్యక్షుడు కూడా అయ్యాడు. టూరో అనాథ పిల్లలను పెంచి పెద్దచేసినది వారి మేనమామ, సంతకానికి నిరాకరించి నిలదీసిన ఆ హేసే. ఆ పిల్లల్లో ఒకడైన జూడా టూరో 1815లో న్యూ ఆర్లీన్స్ యుద్ధంలో అమెరికా పక్షాన తీవ్రంగా గాయపడ్డాడు. రాజకీయ విధేయత కుటుంబాలను చీల్చినా, కలిసి ప్రార్థించడానికి పదిమంది పురుషులు కావాలన్న నియమం, చనిపోయినవారి పట్ల బాధ్యత, పెళ్ళి సంబంధాలు వారిని మళ్ళీ ఒక కప్పు కిందికి తెచ్చాయి. మొత్తం దేశంలో రెండు మూడు వేలకు మించని జనానికి శాశ్వతంగా విడిపోవడం భరించగలిగిన విషయం కాదు.

యుద్ధకాలంలో అన్ని వైపుల నుంచీ కాందిశీకులు చేరడంతో ఫిలడెల్ఫియాలోని మిక్వే ఇజ్రాయెల్ సంఘం ఒక్కసారిగా పెరిగింది. 1782 సెప్టెంబర్‌లో కొత్త సినగాగును ప్రతిష్ఠించారు. దాని ఖర్చులో దాదాపు నాలుగో వంతు ఇచ్చినవాడు హేమ్ సాలమన్. పోలండ్ నుంచి వచ్చిన ఈ దళారి, ఆర్థిక వ్యవహారాల అధికారి రాబర్ట్ మోరిస్ కింద ఫ్రాన్స్ నుంచి వచ్చిన హుండీలను, అంటే డబ్బు చెల్లింపు పత్రాలను, అమ్మి ప్రభుత్వానికి నగదు సమకూర్చేవాడు. జేబు ఖాళీ అయిన జేమ్స్ మాడిసన్ వంటి ప్రతినిధులకు వడ్డీ లేకుండా అప్పిచ్చేవాడు. యుద్ధమంతా ఆయన సొంత డబ్బుతోనే నడిచిందన్న కథ తరువాత పుట్టింది. ఆ అతిశయోక్తి అవసరం లేదు. పత్రాలు చూపించే పని చాలు, 1785 జనవరిలో ఆయన చనిపోయినప్పుడు కుటుంబానికి అప్పులు తప్ప మరేమీ మిగల్లేదన్న నిజమూ చాలు.

అదే సాలమన్ పేరు, హజ్జాన్ సేషస్ పేరు మరో పత్రం మీద కూడా కనిపిస్తాయి. 1776 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగం ప్రకారం శాసనసభ్యుడు కావాలంటే బైబిల్‌లోని పాత నిబంధనతో పాటు క్రైస్తవులు మాత్రమే నమ్మే కొత్త నిబంధన కూడా దైవప్రేరితమని ప్రమాణం చేయాలి. యూదుడు ఆ మాట చెప్పలేడు. 1783 డిసెంబర్‌లో మిక్వే ఇజ్రాయెల్ పెద్దలు దీని మీద అర్జీ ఇచ్చారు. తమకు పదవుల మీద ఆశ ఉందని కాదు, కానీ ఈ ప్రమాణం తమ జనం మీద వేసిన మచ్చ అని, యుద్ధంలో తాము చేసిన సేవకు ఇది తగిన ప్రతిఫలం కాదని రాశారు. అర్జీ పక్కన పడింది. 1787 సెప్టెంబర్ 7న సంఘ సభ్యుడు జోనస్ ఫిలిప్స్, అదే నగరంలో రాజ్యాంగాన్ని రచిస్తున్న మహాసభకు ఇదే కోరుతూ లేఖ రాశాడు. తలుపులు మూసి జరిగే ఆ సభ, పదవులకు మతపరమైన పరీక్ష ఉండకూడదని వారం క్రితమే తీర్మానించిన సంగతి ఆయనకు తెలియదు. పెన్సిల్వేనియా తన ప్రమాణాన్ని 1790లో సవరించుకుంది.

రాజ్యాంగ ఆమోదాన్ని పురస్కరించుకుని 1788 జూలై 4న ఫిలడెల్ఫియాలో జరిగిన ఊరేగింపులో, యూదు మతాచార్యుడు ఇద్దరు క్రైస్తవ బోధకులతో చేయి చేయి కలిపి నడిచాడని వైద్యుడు బెంజమిన్ రష్ రాశాడు. పదవులను అన్ని మతాలవారికీ తెరిచిన రాజ్యాంగ నిబంధనకు ఇంతకంటే మంచి చిహ్నం ఉండదని ఆయన ఆనందపడ్డాడు. ఊరేగింపు చివర విందు దగ్గర యూదుల కోసం వారి ఆహార నియమాలకు తగిన బల్ల వేరుగా ఉండిందని, ఆనాడు బాలుడిగా ఉన్న జోనస్ ఫిలిప్స్ కొడుకు తరువాత గుర్తుచేసుకున్నాడు. నడకలో కలిసి, భోజనంలో వేరుగా ఉన్న ఆ రోజు ఏర్పాటును ఎవరూ అవమానంగా భావించలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. పౌరుడిగా కలవడానికి ఆచారాన్ని వదులుకోనక్కర్లేదన్న నమ్మకానికి ఇంతకంటే స్పష్టమైన రూపం ఆ కాలంలో మరొకటి కనబడదు. అదే ఏడాది సినగాగు అప్పుల్లో కూరుకుపోతే, సంఘం ఊరివారందరినీ చందా అడిగింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఐదు పౌన్లు ఇచ్చాడు.

గణతంత్రపు గాలి సినగాగు లోపలికి కూడా వీచింది. 1789లో రిచ్‌మండ్‌లోని బెత్ షాలోమ్ సంఘం, దేశ రాజ్యాంగపు తొలి పలుకులను తలపించేలా, సంతకం చేసిన మేము అంటూ తన నియమావళిని మొదలుపెట్టింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, మూడు నెలలుగా ఊళ్ళో ఉంటున్న ప్రతి స్వతంత్ర యూదు పురుషుడూ సభ్యుడేనని రాసుకుంది. అదే ఏడాది ఆ సంఘం దేశం కోసం కూర్చుకున్న హీబ్రూ ప్రార్థనలో పాదాల మొదటి అక్షరాలు వాషింగ్టన్ పేరును పలికిస్తాయి. న్యూయార్క్ సంఘం 1790లో తన నియమావళికి హక్కుల పత్రాన్ని కూడా జోడించింది. స్వేచ్ఛారాజ్యాల్లో అధికారమంతా ప్రజల నుంచే పుడుతుందని అందులో ప్రకటించింది. పర్నాస్ మాటే శాసనంగా నడిచిన పాత పద్ధతికి ఇది పెద్ద మార్పు. దేశాన్ని చూసి సంఘం మారింది. అంతకు ముందు సంఘంలో నేర్చుకున్నది దేశంలో అడగడానికి పనికివచ్చింది.

ఈ నేపథ్యంలోనే 1790 ఆగస్టు నాటి న్యూపోర్ట్ లేఖను చదవాలి. రోడ్ ఐలండ్ రాజ్యాంగాన్ని ఆమోదించి మూడు నెలలు కూడా కాలేదు. అధ్యక్షుడు వాషింగ్టన్ ఆ పట్టణానికి వచ్చినప్పుడు, సంఘ పెద్ద, హజ్జాన్ సేషస్‌కు సోదరుడు అయిన మోసెస్ సేషస్ స్వాగత పత్రం సమర్పించాడు. ఇంతకాలం స్వేచ్ఛాపౌరుల హక్కులు లేకుండా బతికామని ముందు నిర్మొహమాటంగా చెప్పి, ఆ తరువాతే, మూఢద్వేషానికి అనుమతినీ హింసకు సహాయాన్నీ ఇవ్వని ప్రభుత్వం ఏర్పడిందని ఆయన హర్షించాడు. వాషింగ్టన్ తన జవాబులో ఆ వాక్యాన్నే తిరిగి వాడి, దానికి మరొకటి చేర్చాడు: ఒక వర్గం దయతలిస్తే మరో వర్గం తన సహజ హక్కులను అనుభవిస్తున్నట్టుగా, సహనం అన్న మాట ఇక మాట్లాడనక్కర్లేదన్నాడు. మంచి పౌరులుగా నడుచుకుంటూ ప్రభుత్వానికి అండగా ఉండడమే వారి నుంచి కోరేదని రాశాడు. అబ్రాహాము సంతతివారు తమ తమ ద్రాక్షచెట్టు కింద, అంజూరపు చెట్టు కింద నిర్భయంగా కూర్చోవాలని మీకా ప్రవక్త మాటలతో ఆశీర్వదించాడు. పాలకుడు యూదుల గ్రంథంలోని మాటతోనే యూదులకు హామీ ఇవ్వడం వారి హృదయాలకు ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ లేఖ చట్టం కాదు. మతస్వేచ్ఛను కాపాడే తొలి రాజ్యాంగ సవరణ అమలులోకి రావడానికి ఇంకా పదహారు నెలలు ఉంది. వచ్చాక కూడా అది రాష్ట్రాలను కట్టడి చేయలేదు. మేరీలాండ్‌లో యూదులు పదవులు చేపట్టే హక్కు కోసం థామస్ కెనడీ అనే క్రైస్తవ శాసనసభ్యుడు 1818 నుంచి పోరాడి, ఆ పోరాటంలో తన స్థానాన్నే ఒకసారి కోల్పోయి, 1826కు గానీ గెలవలేకపోయాడు. ఉత్తర కరోలినా 1868 వరకు ఆగింది. నిర్భయంగా కూర్చోవాలన్న దీవెన న్యూపోర్ట్‌లోనే బానిసలుగా ఉన్నవారికి వర్తించలేదు. ఆ లేఖ పొందిన సంఘం కూడా నిలవలేదు. యుద్ధంలో దెబ్బతిన్న రేవు కోలుకోలేదు; 1820ల నాటికి ఊళ్ళో యూదులు మిగల్లేదు, మందిరపు బాధ్యత న్యూయార్క్ సంఘం చేతికి వెళ్ళింది. టూరో సోదరులు వదిలిన విరాళాలే ఖాళీ మందిరాన్ని కూలిపోకుండా కాపాడాయి. 1883లో, తూర్పు యూరప్ నుంచి వచ్చిన కొత్త వలసదారులతో, అక్కడ క్రమం తప్పని ఆరాధన మళ్ళీ మొదలైంది.

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ఈ సంబంధాన్ని మరోసారి పరీక్షించింది. బానిసత్వం విషయంలో యూదు సంఘాలకు ఒకే గొంతు లేదు: 1861 జనవరిలో న్యూయార్క్ రబ్బీ మోరిస్ రాఫాల్ బానిసత్వాన్ని బైబిల్ నిషేధించలేదని బోధించాడు, దాన్ని ఖండించిన బాల్టిమోర్ రబ్బీ డేవిడ్ ఐన్‌హార్న్ ఏప్రిల్‌లో అల్లరిమూకల భయంతో ఊరు విడిచాడు. ఉత్తరాది సేనలో వేల మంది యూదులు చేరారు. కానీ సైనిక దళాలకు మతాచార్యుడిగా క్రైస్తవుడు మాత్రమే ఉండాలని 1861 జూలై చట్టం శాసించింది. దళపతి యూదుడు, సైనికుల్లో యూదులు చాలామంది ఉన్న ఒక పెన్సిల్వేనియా అశ్వికదళంలో మతాచార్యుడిగా ఉన్న యూదుడు మైకేల్ ఆలెన్ పదవి వదులుకోవాల్సివచ్చింది. ఆయన స్థానంలో ఎన్నికైన ఆర్నాల్డ్ ఫిషెల్‌ను యుద్ధశాఖ అంగీకరించలేదు. ఫిషెల్ డిసెంబర్‌లో నేరుగా లింకన్‌ను కలిశాడు. చట్టం మార్చేలా చూస్తానని లింకన్ మాట ఇచ్చాడు. ఈలోగా ఫిషెల్ అధికారిక హోదా లేకుండానే శిబిరాలలోని యూదు సైనికులను పరామర్శించాడు. 1862 జూలైలో చట్టం మారింది. సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియాకు చెందిన జేకబ్ ఫ్రాంకెల్ తొలి యూదు సైనిక మతాచార్యుడయ్యాడు. దేశం కోసం చనిపోయే హక్కు అప్పటికే ఉంది. చనిపోయేటప్పుడు తన ప్రార్థన వినే హక్కు కోసం ఏడాది పట్టింది.

అది దక్కి మూడు నెలలు తిరక్కుండానే, దొంగ వ్యాపారం చేస్తున్నారన్న ఆరోపణతో ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంట్ తన సైనిక మండలం నుంచి యూదులందరినీ ఇరవై నాలుగు గంటల్లో వెళ్ళగొట్టమని ఆజ్ఞాపించాడు. కెంటకీలోని పడూకా నుంచి సీజర్ కాస్కెల్ అనే యూదుడు రాజధాని వాషింగ్టన్‌కు వెళ్ళి లింకన్‌కు మొరపెట్టుకున్నాడు. 1863 జనవరి మొదటి వారంలో ఆజ్ఞ రద్దయింది. అదే గ్రాంట్ అధ్యక్షుడయ్యాక, 1876 జూన్ 9న వాషింగ్టన్‌లోని అడాస్ ఇజ్రాయెల్ సినగాగు ప్రతిష్ఠకు వచ్చి, మూడు గంటల క్రతువంతా కూర్చుని, పది డాలర్ల చందా ఇచ్చాడు. ఆయనను అక్కడికి పిలిచినవారు 1862 నాటి ఆ ఆజ్ఞను మరిచిపోయి పిలవలేదు. తమ మందిరపు తలుపు తెరిచే రోజున దేశాధ్యక్షుడు తమ మధ్య కూర్చోవాలని కోరడం, ఆయన కూర్చోవడం, ఇద్దరూ పాత లెక్కను పరిష్కరించుకున్న తీరు.

1881 తరువాత నలభై ఏళ్ళలో ఇరవై లక్షలకు పైగా యూదులు రష్యా సామ్రాజ్యం నుంచి, దాని ఇరుగుపొరుగు దేశాల నుంచి అమెరికాకు వచ్చారు. 1924 వలస చట్టం ఆ దారిని దాదాపు మూసివేసింది. మూడేళ్ళ తరువాత, 1927లో వచ్చిన ప్రార్థనల పుస్తకంలో, న్యూయార్క్‌లో బోధించే తాల్ముద్ అనే యూదు ధర్మగ్రంథంలో పండితుడైన లూయిస్ గింజ్‌బర్గ్ దేశం కోసం కొత్త హీబ్రూ ప్రార్థన రాశాడు. రాజులకు రక్షణనిచ్చేవాడా అన్న పాత సంబోధన అందులో లేదు. పాలకుల పేర్లు, బిరుదులు, శత్రువుల ఓటమి కోసం వేడుకోలు లేవు. పాలించేవారికి ధర్మశాస్త్రపు వివేకం కలగాలని, అన్ని జాతులవారూ అన్ని విశ్వాసాలవారూ ఒక్కటై ద్వేషాన్ని, శత్రుత్వాన్ని తొలగించాలని అది దేవుణ్ణి కోరుతుంది. మసక భయంతో రాజు ముఖం చూస్తూ నిలబడినవారి ప్రార్థన కాదది. దేశం ఎలా ఉండాలో చెప్పే అధికారం తమకూ ఉందని తెలిసినవారి ప్రార్థన. అమెరికాలోని అనేక సినగాగులలో దాన్ని విశ్రాంతి దినాన చదువుతున్నారు.